గీతలు తేలిన నెల

ఆసరెల్లిల, జిరాక్స్ దుకాణం అరుగు మీద
నా బ్యాంకు.
ఒక ప్లాస్టిక్ కుర్చీ, అరచెయ్యంత మెషిను,
సిగ్నల్ కోసం వెదురుకు కట్టిన ఫోను.
అర్జీలు మరాఠీల, టీవీ హిందీల,
తిట్లు మాత్రం తెలుగుల.

మార్చి ఆఖరుకు
మిరప తోటలకెళ్ళి జనం మళ్ళొచ్చిండ్రు.
వంతెన మీద పోలీసులుంటే
ఇసుకల దిగి, మోకాటి లోతు గోదారి దాటి,
నెత్తి మీద కూలికింద ఇచ్చిన మిరపకాయల సంచి.
బడిల పద్నాలుగు రోజులు ఉంచిండ్రు,
మనుషులను, సంచులను, ఒక్క గదిలనే.
తుమ్మితే భయం.
తుమ్మకుంట ఎట్లుంటరు?

ఐదు వందలు పడ్డయని తెలిసి
దుర్గం మల్లుబాయి వచ్చింది మొదలు.
వేలు పెట్టింది. ఎర్ర లైటు.
చింతపండు రుద్దినం, కొంగుకు తుడిచినం,
నుదుటి జిడ్డు అద్దినం,
చూపుడు వేలు, చిటికెన వేలు, ఎడమ చెయ్యి.
పదింటికీ కాదన్నది.
మిరప తొడిమెలు గీతలన్నీ గిల్లుకపోయినయి.
"నేను నేనే గదా పిల్లా" అన్నది,
మెషిను దిక్కు చూసి, నా దిక్కు గాదు.

తర్వాత పని బందు.
గడ్డి గూడ కొయ్యని చేతులు, ఇరవై రోజులు.
ఏప్రిల్ నడుమ ఒక పొద్దు
మల్లుబాయి వేలు పెడితే పచ్చ.
జాడి వెంకుబాయిది పచ్చ.
జిమ్మిడి రాజుబాపుది గూడ పచ్చ,
ఆధార్ తీసిన నాడే సతాయించిన వేలు అది.
ఊకె కూసుంటే గీతలు మొలుస్తయని
నాకు ఆ నెలనే తెలిసింది.
పొద్దంతా చీటీలు కక్కింది మెషిను.
ఊరు ఊరంతా సర్కారుకు ఎరికైంది.
పొయ్యిల పిల్లి మాత్రం లేవలే.

మే నెల. ఢిల్లీకెళ్ళి పెద్ద లెక్క.
రోజుకింత, వాయిదాల మీద చెప్పిండ్రు
ఒగ్గు కథ తీర్గ.
దేశం కోలుకుంటదట.
"జరమొచ్చినోళ్ళు కోలుకుంటరు,
దేశానికి నొప్పెక్కడ?" మల్లుబాయి అడిగింది.
"నడుముల" అన్నడు రాజుబాపు.

చిన్న బేరగాళ్ళకు పూచీ లేని అప్పు అంటే
అర్జీ నేనే నింపిన.
వ్యాపారం: ఎండుచేపల గంప.
స్థలం: అంగడిల, ఉప్పు బస్తాల పక్కన.
ఇదివరకటి అప్పు: లేదు.
"ఉన్నోళ్ళకే మళ్ళా ఇస్తరు" అన్నడు పెద్ద బ్యాంకు సారు ఫోనుల.
"ఆగు ఆగు, అది వేరే స్కీము" అన్నడు.
సిగ్నలు పోయింది.

అదే వారం తునికాకు కల్లం తెరిచిండ్రు.
అందరి కంటే ముందుగాల అడివి కోలుకున్నది.
చుక్క పొడవంగ పోవుడు,
డెబ్బై ఆకులకు ఒక కట్ట, నారతోటి బిగించి ముడి,
పొద్దు గూకేలోపు నూరు, నూటాయాభై.
వాన పడంగనే నాట్లు.
పొయ్యిలు ముట్టినయి. అంగడి మళ్ళా మొదలైంది.
నా అరుగు మీద
ఒకరెనుక ఒకరికి ఎర్ర లైటు.

ఆషాఢంల మెసేజొచ్చింది, అప్పు మంజూరు.
ఒక్క వేలిముద్ర తక్కువ.
మల్లుబాయి మడిలకెళ్ళి అట్లనే వచ్చింది,
తునికాకు నలుపు ఇంకా పోలే,
దాని మీద నాటు బురద.
పది వేళ్ళు, పది సార్లు.
"పది రోజులు పని బందు పెట్టి రా అత్తా,
గీతలు తేల్తయి."
నవ్వింది.
"పది రోజులు కూసుంటే ఆ అప్పు నేనే తినాలె.
గంపల ఏం పెట్టాలె?"
ఇంకేమో అనబోయి,
నారు ఎండుతుందని లేచింది.

మెషిను అద్దం మీద
బొటనవేలి మచ్చ ఒకటి మిగిలింది,
గీతల్లేని బురద, నున్నగ, గుండ్రంగ.
ఎనుక వెంకుబాయి నిలబడి ఉన్నది.
తుడవాలె గద.
తుడిచిన.