టొబాగో లెక్క

కరెంటు బిల్లు వెనక్కి తిప్పి
అమ్మ ఒక సముద్రం గీసింది.
ఇటు పోర్ట్ ఆఫ్ స్పెయిన్, అటు టొబాగో,
మధ్యలో ఓడ టికెట్టు ధర.
"నువ్వు రాయి జొయెల్, నీ అంకెలు గుండ్రంగా ఉంటాయి."
పెద్దవాళ్ళకి ఇంత, పిల్లలకి అంత,
చంకలో బిడ్డకి ఏమీ లేదు.
మా షెరెల్‌కి మూడు నిండి నెలయింది.
రేవులో అడిగితే రెండున్నర అని చెబుదామన్నాడు నాన్న.
"నాకు మూడు!" అని అరిచింది షెరెల్
మూడు వేళ్ళూ దీపానికి చూపిస్తూ.
సరే, సగం టికెట్టు.

విమానమైతే టీ చల్లారేలోపు దిగొచ్చు.
అమ్మ ఆ మాటే ఎత్తనివ్వలేదు.
ఓడ బోకాస్ దాటేటప్పుడు
కడుపులో ఉన్నదంతా నోటికొస్తుందట.
"అందుకే తినకుండా ఎక్కుదాం,
ఒక పూట ఖర్చు మిగిలింది" అంది.
నవ్వాలో వద్దో తెలియక రాసేశాను:
మొదటిరోజు పొద్దున, సున్న.

గది బేరం నాన్నది.
ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి
బ్లాక్ రాక్‌లో ఎవరో ఆల్ఫియస్ గారితో,
సముద్రం కనబడే గది ఎంత, కనబడని గది ఎంత,
కనబడకపోయినా వినబడేదేమైనా ఉందా?
ఉందట.
కోళ్ళగూడు పక్కన, పొయ్యితో సహా, పరుపులు రెండు.
"కళ్ళు మూసుకుంటే అన్ని గదులూ ఒకటే" అన్నాడు.
రాత్రి కాపలా మనిషి,
కళ్ళు మూసుకోవడమే ఆయనకి విహారం.

మోసుకెళ్ళేవి:
పెద్ద కుండ, బియ్యం, పచ్చి కందులు,
పెలావుకి మసాలా పట్టించిన కోడి
మూత గట్టిగా పట్టే పాత రంగుడబ్బాలో.

టెవిన్ ఒక్కటే అడిగాడు.
అడుగున అద్దమున్న పడవ.
చేపలు మన కాళ్ళ కిందే తిరుగుతాయట.
తలకి ఇంత అంటే ఐదుతో హెచ్చవేశాను.
జవాబు చూసి అమ్మ పెన్ను లాక్కుంది.
కొట్టేయలేదు,
పక్కన చిన్న ప్రశ్నగుర్తు పెట్టింది.
మా ఇంట్లో అది "కాదు" కన్నా బరువైన గుర్తు.

అసలు డబ్బు సూసూది.
పన్నెండుమంది ఆడవాళ్ళ చీటీ, నెలకొకరి చెయ్యి,
పాట లేదు, పత్రం లేదు, నోటిమాటే.
అమ్మ చెయ్యి సెప్టెంబరులో.
బడి సెలవులు ఆగస్టుతో సరి.
లెక్క అక్కడ తెగింది.

ఆగస్టు చెయ్యి మూడిళ్ళవతల మిస్ యులాలీది.
టొబాగోలో పుట్టిన మనిషి,
కట్టుడు పళ్ళకని కూడబెడుతోంది.
అమ్మ వెళ్ళింది గానీ అడగలేదు.
వేడి రొట్టె ఇచ్చి వానల గురించి మాట్లాడింది,
కొళాయి గురించి, మళ్ళీ వానల గురించి.
నేను గుమ్మంలో కాగితం మడుస్తూ, విప్పుతూ.
ముసలావిడ చెయ్యి చాచి తీసుకుంది.
చాలాసేపు చదివింది:
కోళ్ళగూడు, సున్న, ప్రశ్నగుర్తు.
"ఇన్నాళ్ళు లేని పళ్ళు,
ఒక నెలకి కొంపేం మునగదు.
నాకో నువ్వుండ తెచ్చిపెట్టండి.
నల్లబెల్లంది, రాయిలా ఉంటుంది."
"ఎలా కొరుకుతావ్?" అంది షెరెల్.
"కొరకనే. బుగ్గన పెట్టుకుంటా.
కరిగేదాకా అక్కడే ఉంటా."

రాత్రి కాగితం అడుగున రాశాను:
నువ్వుండ, ఒకటి.
అమ్మ ఆ ఒకటి కొట్టేసి డజను చేసింది.
మళ్ళీ కూడమంది.
కూడాను. మళ్ళీ చాల్లేదు.

తెల్లారి నాన్న డ్యూటీ దిగి వచ్చాడు,
చంకలో ఎవరి కిటికీదో పగిలిన గాజుముక్క.
ఎవరికీ చెప్పకుండా
రంగుడబ్బా అడుగు కోసేసి,
గాజు అమర్చి, చుట్టూ లప్పం పూశాడు.
టెవిన్ డబ్బాలో తల దూర్చి
వంటింటి గచ్చు మీద బోర్లా పడుకున్నాడు.
"చీమ కనబడుతోంది" అన్నాడు లోపలినుంచి,
గొంతు గుహలోదిలా,
"ఎంత పెద్దదో! ఈదుతోంది!"

అమ్మ కత్తిపీట పక్కన పెట్టి
డబ్బాకేసి, నాన్నకేసి చూసింది.
"మరి కోడి దేంట్లో పెట్టాలి?"