తిరిగితే మెరుపు

నవంబరు ఆఖరు. రిహార్సల్ సాయంత్రం.
బీచ్ రోడ్డు మీద బారికేడ్లు ఇంకా పడలేదు.
పెదజాలరిపేట ఇసకలో
బోర్లించిన ఫైబర్ పడవకి చేరగిలబడి
నేనూ, తెడ్డు పోలిరాజూ.
నా చేతిలో మురీ మిక్చరు పొట్లం,
అతని ఒళ్ళో చిరిగిన వల.

యారాడ కొండ వెనకనుంచి
రెండు బూడిదరంగు విమానాలు లేచి
మేం తలెత్తేలోగా భీమిలి వైపు పోయాయి.
చప్పుడు తర్వాత వచ్చింది
తలంబ్రాలు అయిపోయాక దిగిన మేళంలా.

"సప్పుడున్న కాడ ఇమానం ఉండదు బావూ,
ఇమానం ఉన్న కాడ సప్పుడుండదు," అన్నాడు.

ఇరవై మూడేళ్ళు నా ఉద్యోగమూ అదే,
లేనిచోట వెతకడం.
కొండమీద చీకటి గదిలో
పచ్చటి గాజు మీద గీత తిరిగేది
గింజల్లేని తిరగలిలా.
చుక్క పడితే పేరు పెట్టాలి:
సరుకు ఓడ. వాన. కొంగల బారు.
పేరు దొరకని చుక్కకి
ఫోనెత్తాలి, పై అధికారి నిద్ర చెడగొట్టాలి.

"ఇప్పుడు కొత్తరకం వచ్చాయి పోలిరాజూ,
వాటికి చుక్కే పడదు.
మనం పంపిన తరంగాన్ని
అప్పు అడగొచ్చినవాణ్ణి వీధిగుమ్మంలోనే
పక్కింటికి పంపేసినట్టు
ఏటవాలు అంచుల మీంచి ఎటో జార్చేస్తాయి.
మిగిలింది ఒంటిపూత తాగేస్తుంది.
లారీ కన్నా పొడుగు విమానం,
తెరమీద గోరింక పాటి ఉండదు."

అతను వలసూది పళ్ళ మధ్య పెట్టుకుని
బుట్టలోంచి కోనెం ఒకటి తీశాడు.
వీపు నలుపెక్కిన నీలం. పొట్ట తెలుపు.
"పైనుంచి గెద్ద సూత్తే ఇది నీరు.
కిందనుంచి సొర సూత్తే ఇది ఆకాశం.
ఇందులో కొత్తేటుంది?"

సొర చూసేస్తే? అన్నాను.

"అప్పుడు ఒళ్ళు తిప్పాల.
తిప్పలేనిది సొర కడుపులో ఉంటాది.
తిప్పిందీ, తిరిగినప్పుడు పొట్ట మెరుత్తాది గదా,
ఆ మెరుపు సూసే మేం వలేత్తాం."

నేనేమీ అనలేదు.
శిక్షణలో ఆరునెలలు నల్లబల్ల మీద గీసి చెప్పింది
చేపని చెయ్యి మార్చుకున్నంతసేపట్లో చెప్పేశాడు.

అంతలో అవి తిరిగొచ్చాయి.
ఒకటి తిన్నగా పోయింది.
రెండోది సముద్రం మీద ఒక్కసారిగా ఒరిగి
రెక్క మీద నిలబడి
తన చుట్టూ తానే తాడు చుట్టుకున్నట్టు తిరిగింది.
కైలాసగిరి పక్కనుంచి వాలుతున్న ఎండ
దాని పొట్టమీద భళ్ళున పగిలింది.
బంతాట ఆపి పిల్లలు కేకలేశారు.
లోపల ఎవరో పాతికేళ్ళ కుర్రాడు,
ఆ క్షణాన అతని చెయ్యి అతనికే సన్నికల్లంత బరువు,
కళ్ళలో రంగులు పోయి బూడిద మిగిలే వేళ.
దాక్కోవడానికి ఆకారం చాలు.
తిరగడానికి మాత్రం నెత్తురు కావాలి.

ఒకరాత్రి, తుఫాను తగ్గిన మర్నాడు,
తూర్పున ఒక చుక్క పడింది. పోయింది.
మళ్ళీ పడింది, మరోచోట. పోయింది.
మూడోసారికి నేను ఫోను మీద చెయ్యి పెట్టి
తీసేశాను.
లాగ్ పుస్తకంలో కొంగలు అని రాశాను.
తెల్లారింది. ఏమీ కాలేదు.
ఎన్నేళ్ళయినా ఏమీ కాలేదు.
ఆ కొంగలు మాత్రం నాకు ఇంకా ఎక్కడా వాలలేదు.

పోలిరాజు ముడి బిగించి
వల ఎత్తి వెలుతురుకి పట్టాడు.
"వలకి కన్నంటే ఏటి బావూ? కాళీయే గదా.
పట్టేది తాడు. సూసేది కాళీ."
ఆ కాళీలోంచి కాసేపు ఆకాశంకేసి చూసి అడిగాడు:
"రెండేనా ఎగిరినవి?"

"రెండే," అన్నాను,
కొంగలు అని రాసిన చేత్తోనే
మిక్చర్లో పల్లీ కోసం వెతుక్కుంటూ.