నవ్వులు అని రాయాల్సిన చోట

లీలామహల్ సర్కిల్ దాటినాక
టైర్ల అంగడి మీద మా ఆఫీసు.
ఒక ఫ్యాను, రెండు కంప్యూటర్లు,
చెవులకు తగిలించుకున్న రెండు దేశాలు.
అమెరికా చెంగల్రాయుడిది. బ్రిటన్ నాది.
వాళ్ల మాటల కింద తెలుగు వరసలు పేర్చడం మా పని.
వరసకింత అని కూలి.

అతని కామెడీల్లో మనకంటే ముందే ఎవరో నవ్వేస్తారు.
తలుపు తీస్తే నవ్వు, సోఫాలో కూలబడితే నవ్వు.
"పెండ్లి విడిదిలో మాదిరి ఉంటాది మేడమ్,
ఎందుకు నవ్వతా ఉండారో తెలీకనే మనమూ నవ్వేస్తాం"
అంటాడు, బ్రాకెట్లో (నవ్వులు) అని కొడుతూ.

నా వాళ్లు నవ్వరు.
రిటైరయ్యే గుమాస్తా ఒకాయన
తన వీడ్కోలు కేకు తానే కొని తెచ్చుకుంటాడు.
కత్తి దొరకదు. స్కేలుతో కోస్తాడు.
కిటికీలో వాన.
అది కామెడీ అని డబ్బా మీద రాసుంటే తప్ప
నాకూ తెలిసేది కాదు.

ఇక డ్రామాలా,
అతని వాళ్లకు కోపమొస్తే బల్ల మీదివన్నీ కింద పడతాయి.
ఏడుపు కంటే ముందు వయొలిన్లు దిగుతాయి.
రెండో ఏట చచ్చినోడు అయిదో ఏట
కవలల్లో మిగిలినోడై తిరిగొస్తాడు.
నా డిటెక్టివమ్మ ఆరు వారాల్లో
శవాన్నీ, హంతకుణ్నీ, తన కాపురాన్నీ
మూడింటినీ ముగించి గొడుగు ముడుచుకు పోతుంది.

"మా పలమనేరు పక్క భారతం చూడు,
పద్దెనిమిదో రోజు మట్టి దుర్యోధనుడి తొడ పగలాల్సిందే,
పంతొమ్మిదో రోజు లేదు" అని నేను బ్రిటన్ పక్షం.
"ద్రౌపది జుట్టు విరబోసుకోని ఏడస్తా ఉంటే
బఫూనోడొచ్చి బీడీ అడిగేది? అది మావోళ్లదే" అని అతను.
ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

చెంగల్రాయుడికి పెద్ద తలనొప్పి 'ఐ లవ్ యూ'.
ఫోను పెట్టేముందు, కారెక్కేముందు, గొడవ నడిమధ్యన.
ఒక్క నెలలో నూట పద్నాలుగు సార్లు.
"మా ఇంట్లో ఈ మాట ఎవురన్నా అంటే
రుయా ఆస్పత్రికి ఎత్తకపోతారు మేడమ్."
చివరికి చాలాచోట్ల
'ఉంటాను' అని రాసి వదిలేశాడు.
అచ్చంగా సరిపోయింది.

నా తలనొప్పి 'నాట్ టూ బ్యాడ్'.
భార్య పోయిన ముసలాయన గేటు దగ్గర పక్కింటాయనతో అంటాడు.
'మరీ అంత బాగోలేకుండా ఏమీ లేను' అని రాస్తే
అక్షరాలు పట్టాయి, ప్రాణం పట్టలేదు.
కొట్టేసి 'ఏదో' అన్నాను.

ఆషాఢంలో పన్నెండు రోజులు రాలేదు చెంగల్రాయుడు.
వచ్చినప్పుడు గుండు.
తిరుపతిలో గుండుకు ఎవరూ కారణం అడగరు.
"కొండకు పోయొచ్చినావా, లడ్డేదీ?" అన్నాడు ఓనరు.
"ఊ" అన్నాడు.
గుండు మీద గంధం జాడ లేదు.
సెలవు కాగితంలో 'సొంత పని' అని ఉంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.
తెర మీద ఎవరో జారిపడ్డారు. (నవ్వులు)
లేచి మళ్లీ పడ్డారు. (నవ్వులు)
మూడోసారి వేళ్లు ఆగిపోయాయి.
గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ.

మాట రాని చోట టీ పెట్టడం
నా వాళ్ల దగ్గర నేర్చుకున్న విద్య.
కిందికెళ్లి అల్లం టీ తెచ్చి
అతని కీబోర్డు పక్కన పెట్టాను.
దానికేసి చూస్తూ అన్నాడు:
"పదకొండో ఎపిసోడు మీరు చేస్తారా మేడమ్?
దాంట్లో నాయినా కొడుకూ ఉండారు."

మొదటిసారి అతని దేశం నా చెవుల్లోకి వచ్చింది.
ఆస్పత్రి మంచం. వయొలిన్లు, అనుకున్నట్టే.
వెక్కిరించడానికి సిద్ధంగానే కూర్చున్నాను.
తండ్రి ఆ మాట మూడుసార్లు అంటాడు.

'ఉంటాను' అని కొట్టి,
చెరిపేశాను.
ఇక్కడ ఆ మాట అబద్ధం.

ఎక్కడో, ఎప్పుడో రికార్డయిపోయిన జనం
ఊపిరి బిగబట్టి ఉన్నారు.
నా వరస ఖాళీగా ఉంది.
పక్కన టీ మీద మీగడ కడుతోంది.
కింద అంగట్లో
ఎవరి టైరుకో గాలి కొడుతున్నారు.