మూడు చుక్కలు

హల్ యూనివర్సిటీ ల్యాబు, రాత్రి తొమ్మిదిన్నర.
కనీస వేతనం ఓ పౌను పెరిగితే
పనిగంటలు ఎంత తరుగుతాయో
నాలుగు వేల వరుసల్లో దేవులాడి దేవులాడి
పట్టుకున్నాను: మైనస్ సున్నా పాయింట్ మూడు.
పక్కన మూడు చుక్కలు,
మా సూపర్‌వైజర్‌కి ప్రాణమైన చుక్కలు.

చెత్తబుట్ట కవరు మారుస్తూ
"ఏంటి పిల్లా, అంత వెలుగు మొహంలో?" అంది లొరైన్.
చెప్పాను.
"ఓ, అదా. జీతం పెంచారు,
నా గురువారం తీసేశారు."

మరి గురువారాలు ఏం చేస్తావన్నాను.
"టౌన్ లైబ్రరీలో కూర్చుంటా.
మా ఇంటికన్నా వెచ్చన.
చేపల పుస్తకాలన్నీ అయిపోయాయి,
ఇప్పుడు పక్షులు."

పట్టికలో గురువారానికి గడి లేదు.
వెతికాను, నిజంగానే.
తెరమీద చుక్కలు మాత్రం పొడిచే ఉన్నాయి.

తలుపు దగ్గర ఆగి అడిగింది:
"లైటు ఆర్పనా? ఇంకా తీసివేతలున్నాయా?"