అడగని ఆరుగురు

దీపం వెలగట్లేదని చెప్పడానికి వెళ్ళాను.
బస్సు షెల్టరు పక్కన పద్నాలుగో నంబరు స్తంభం.
ఫ్యాక్టరీ నుంచి రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి
నా కాళ్ళు నాకే కనపడవు.
గుమాస్తా మార్గో పెల్ కళ్ళద్దాల పైనుంచి చూసి
"ఫిర్యాదుల పుస్తకం నిండిపోయింది,
ఖాళీగా ఉన్నది కుర్చీ ఒక్కటే" అంది.

లింకన్‌షైర్‌లో
సముద్రం కంటే ఒక మెట్టు కింద కూర్చున్న ఊరు, థార్న్‌బెక్ ఫెన్.
ఏడు కుర్చీల పారిష్ కౌన్సిల్.
నవంబరులో ఐరిస్ మాడిసన్ పోయింది.
పోస్టాఫీసు మూతపడ్డా ఊడిపోని బోర్డు మీద
నోటీసు అంటించారు:
పద్నాలుగు పనిదినాల్లో పదిమంది అడిగితే ఎన్నిక,
లేదంటే ఉన్నవాళ్ళే ఒకర్ని కూర్చోబెట్టుకుంటారు.
వాన ఆ నోటీసును రెండుసార్లు చదివింది.
సంతకాలు నాలుగొచ్చాయి.

ఈ పద్ధతికి ఇక్కడా అక్కడా ఒకటే పేరు, కో-ఆప్షన్.
అక్కడైతే దండలూ టపాకాయలూ.
మా పిన్నత్త అలాగే మెంబరయింది,
సంతకం ఆవిడది, మాట మామయ్యది.
ఆవిడ పేరున్న రబ్బరు స్టాంపు
ఆయన చొక్కా జేబులో తిరిగేది.
ఇక్కడ స్టాంపు లేదు, దండ లేదు.
మూత బిగుసుకుపోయిన బిస్కెట్ల డబ్బా ఉంది.

కుర్చీకి ఇద్దరం వచ్చాం.
మూడేసి నిమిషాలు మాట్లాడించి
వంటగదిలోకి పంపారు, మర్యాదగానే.
ఆ రెండో మనిషి టెరెన్స్ కట్‌ఫోర్త్,
చక్కెరదుంపలు పండించి పండించి నడుం వంగినవాడు.
ఊరికే నిలబడలేక సింకులో కప్పులు కడగడం మొదలెట్టాడు.
నేను తుడిచాను.
తలుపుకి అవతల ఆరుగురు చేతులెత్తుతున్నారు.
చేతులెత్తితే చప్పుడుండదు,
ఎంత చెవి పెట్టినా.

"ఆ నాలుగు సంతకాల్లో ఒకటి నాది" అన్నాడు
కప్పు అడుగున మరక గోటితో గీకుతూ.
"ఎన్నికైతే ఓడిపోయేవాణ్ణి. తెలుసు.
కనీసం నన్ను ఓడించడానికైనా
జనం ఇళ్ళల్లోంచి బయటికొస్తారు కదా అని."

ఏమనాలో తోచక
అదే కప్పు రెండోసారి తుడిచాను.
పద్నాలుగు రోజులూ ఆ బోర్డు ముందునుంచే నడిచాను నేను,
పోయిన పిల్లి ఫోటో కూడా చూశాను.
పెన్ను తియ్యలేదు.

మార్గో తలుపు తీసి నా పేరు చెప్పింది.
మూడు, మూడు.
ఆ పైన అధ్యక్షుడి అదనపు ఓటు.
ఎవరైనా తుమ్మినా ముల్లు అటు ఒరిగేదే.
టెరెన్స్ తడి చెయ్యే చాచాడు:
"చర్చి వెనక తూము పూడిపోయింది. మర్చిపోకు."

ఐరిస్ ఫైలు నా ముందుకు జరిపారు.
పెన్సిలుతో, నెలనెలా ఒకటే ముక్క.
పద్నాలుగో దీపం.
పద్నాలుగో దీపం.
అక్టోబరు దగ్గర పెన్సిలు బాగా వణికింది.

ఇంటికి నడుస్తున్నాను.
ఎవరి తరఫున నేను?
నాకు ఓటేసిన వీధి లేదు, వెయ్యని వీధీ లేదు.
పదికి తగ్గిన ఆ ఆరుగురు ఉన్నారే,
అడిగితే పోయేదాన్ని అడగక ఊరుకున్నవాళ్ళు,
వాళ్ళు ఇచ్చిన కుర్చీ ఇది.
వాళ్ళే నా వార్డు.
అందులో ఒకదాన్ని నేనే అనుకుంటే
మిగతా ఐదుగురూ ఈ కర్టెన్ల వెనక
టీవీ నీలివెలుగులో ఎక్కడో ఉన్నారు,
నన్ను గెలిపించిన సంగతి తెలియక.

స్తంభం దగ్గర ఆగాను.
చీకట్లో రేకు మీది ఉబ్బెత్తు అంకెలు తడిమాను.
ఒకటి. నాలుగు.
సోమవారం ఫోన్ చెయ్యాలి.
ఎవరికో, ముందు అది కనుక్కోవాలి.