సందు

రెండు రేకుల నడుమ వెంట్రుకంత సందు.
అందులోంచే జూన్ నెలంతా లోపలికొచ్చింది.
మలక్‌పేట బ్రిడ్జి కింద ఇరుక్కున్న ఇరవై నిమిషాల్లో
నలభై డబ్బాల ఉస్మానియా బిస్కెట్లు
అట్టతో సహా మెత్తబడ్డాయి.
బేకరీ మేనేజరు ఒకటి విరిచి చూశాడు.
చప్పుడు రాలేదు.
ఆ రాని చప్పుడుకి పదకొండు వేలు కోత.

రాణీగంజ్‌లో సందు లోపల సందు.
బేరింగులు దాటి, మోకుతాళ్ళు దాటి, మెట్ల కింద దుకాణం.
జస్వంత్ సేఠ్ ట్యూబులు వరసగా నిలబెట్టాడు,
ఇంటర్వ్యూకొచ్చిన వాళ్ళలా.
"ఇది సిలికాన్. అగ్గువ. బాత్రూమ్‌కీ ఇదే, చేపల తొట్టికీ ఇదే."
మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కులో గుచ్చింది.
"ఇది పాలీయురెథేన్. బస్సు బాడీలకి కొడతరు."
"ఇది జర్మనీది" అని మాత్రం అని ఊరుకున్నాడు,
ధర నన్నే చదువుకోమని.
కాళ్ళ దగ్గర తారు డబ్బా, ఎవరూ పలకరించని పాత గుమస్తా.
ఏది కొనాలో తెలియనివాడు చేసే పనే చేశాను.
అన్నీ కొన్నాను.

ఆటోనగర్‌లో లతీఫ్ చాచా
ట్యూబుల వంక చూడలేదు.
బండి కప్పు మీద వేలి కణుపుతో తట్టి
చెవి ఆనించి విన్నాడు.
"పగలు సాగుతది, రాత్రి ముడుస్తది రేకు.
బిగ్గర పట్టుకునేది పగులుతది.
వదులుగ పట్టుకునేది ఊడుతది.
దానెంబడి కదిలేది కావాలె."

నర్సింలు ఒక చచ్చిన అంబాసిడర్ తలుపు కోసి
మెరిసేదాకా గ్రైండరు పట్టి, థిన్నరుతో తుడిచి
నాలుగు గీతలు గీశాడు. పక్కన సుద్దతో నంబర్లు.
షెడ్డు కప్పు మీద పారేశాడు.
"పదిహేను రోజులైనంక రా. ఎండ చెప్పాలె, వాన చెప్పాలె.
సేఠ్ ఏం చెప్తడు?"

ఆ పదిహేను రోజులూ నీలం పట్టా కప్పి తిప్పాను బండిని.
చాదర్‌ఘాట్ సిగ్నల్ దగ్గర ఎవరో అడిగారు:
"శవమా అన్నా?"
"బిస్కెట్లు" అన్నాను.
నమ్మలేదు.

తారు ఎండకి కరిగి తలుపు అంచుదాకా నడిచిపోయింది.
సిలికాన్ మీద రంగు నిలవలేదు,
చేపకళ్ళలా విడిపోయి ఎగాదిగా చూసింది.
దాన్ని పీకితే కింద కొత్త తుప్పు, సన్నటి కాషాయం గీత.
మూడోది పసుపెక్కింది. పట్టకారుతో లాగితే
వేలెడు సాగి మళ్ళీ తన చోటికి వచ్చి కూర్చుంది.
జర్మనీదాన్ని చాచా చాలాసేపు గిల్లి చూశాడు.
"దీనికి వంక లేదు. నీ జేబుకే ఉంది."
మూడోదాని పసుపు సంగతి అడిగాను.
"రంగు కింద పండేదానికి రంగెందుకురా?"

పాత సందు గీకుతుంటే
ముందటి ఓనరు పెట్టిన ఎంసీల్ రాలింది,
దాని కింద అంతకు ముందటివాడి తారు,
అన్నిటికన్నా అడుగున ఎండిన సబ్బు ముక్క.
ఎవడికి వాడు తన వానాకాలం దాటించి
బండి అమ్ముకున్నాడు.

గన్‌లో ఇంకా కొంచెం మిగిలింది.
తలుపు అడుగున రెండు చిల్లులు కనబడితే
అవీ పూడ్చబోయాను.
చాచా చేతిమీద ఒక్కటేశాడు.
"నక్కో! అవి నీళ్ళు పోనీకి.
ఎంత మూసినా ఎన్నోకన్ని వస్తయి.
వచ్చినవాటికి దారి ఇడువు."

జూలైలో మళ్ళీ అదే బ్రిడ్జి కింద, అదే వాన.
వెనక్కెళ్ళి ఒక డబ్బా తెరిచాను.
కాళ్ళ దగ్గర, తలుపు చిల్లుల్లోంచి
బొట్టు బొట్టుగా కారుతోంది.
ఒక బిస్కెట్ విరిచాను.
హారన్ల మోతలో ఏమీ వినబడలేదు.
కొరికాను. దవడ లోపల వినబడింది.