మచ్చలు రాలిన రోజు

బరంపురం, గిరి రోడ్డు, మేడ మీద లేబరేటరీ.
ఖాళీ కడుపులతో రక్తమివ్వడానికి కూర్చున్నవాళ్ళ ఎదురుగా
ఒక గాజుతొట్టి, అందులో కొలిచి పోసిన సముద్రం.

సోమవారం పొద్దున చూశాను.
నారింజ చేప రాతికి ఒళ్ళు రాసుకుంటోంది,
దురదెత్తిన ఎద్దు గుంజకి రాసుకున్నట్టు.
రెక్కల మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు.
ఉప్పులో బతికేదాని మీద ఉప్పేమిటి?

వాచీ చూస్తూ మొప్పలు లెక్కపెట్టాను:
నిమిషానికి నూట ముప్ఫై.
బంగారు పొడి అద్దినట్టుంటే ఒక జబ్బు, అది రెండ్రోజుల్లో పట్టుకుపోతుంది.
గింజల్లా ఉంటే ఇంకొకటి, కాస్త వ్యవధి ఇస్తుంది.
టార్చి వేసి, చెంప గాజుకి ఆనించి,
పొడా, గింజా, పొడా, గింజా
అని తేల్చుకునేలోపు
షుగరు పరీక్షకొచ్చిన బెహరా గారు రెండుసార్లు దగ్గారు.

తడిచేత్తో పట్టి, రెక్క అంచున పలకతో ఒక్క గీకు.
మైక్రోస్కోపు కింద
గుండ్రటిది, ఒళ్ళంతా నూగుతో,
తిరగలిలా తిరుగుతోంది, తొందరేమీ లేనట్టు.
పద్దెనిమిదేళ్ళుగా ఈ కన్నే:
మలేరియా ఉంగరాలు, ఉండకూడనంత గుంపుగా తెల్లకణాలు.
చూసి, అంకెలు వేసి, కవరు అంటించి ఇస్తాను.
"ఏముంది బాబూ ఇందులో?" అంటే
"డాక్టరుగారు చెప్తారు" అనడం నా ఉద్యోగం.
ఈ ఒక్క స్లయిడుకీ డాక్టరు లేడు.

గోపాలపురం నుంచి శనివారం శనివారం
డబ్బాల్లో నీళ్ళు తెచ్చే సూరాడ కొర్లయ్య
వంగి చూశాడు. "ఏటైనాది దీనికి?"
చెప్పాను.
"వల్లో ఇలాటివి పడితే కాకులకి ఇసిరేత్తాం."
కాసేపాగి, "మందుందా మరి?"

మందు రాగి.
బెలగుంఠా కంచరివాళ్ళు
ఒళ్ళు వంకర్లు తిరిగే ఇత్తడి చేపని చేస్తారే,
ఆ ఇత్తడిలో ఉండే రాగే, కంటికి ఆననంత.
తక్కువైతే పురుగు చావదు, ఎక్కువైతే చేప చస్తుంది.
నత్తలైతే ఏ కొంచానికైనా చస్తాయి.
అందుకని నత్తల్ని తొట్టిలోనే ఒగ్గేసి
చేపని వెనకగదిలో ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాను,
దాక్కోడానికి ఒక విరిగిన గొట్టంముక్క వేసి.
రోజూ సీసాలో కాసిని నీళ్ళు, రెండు చుక్కల రసాయనం,
నీలం ఎంత ముదిరిందో కిటికీ వెలుగులో.

నాలుగోరోజు మచ్చలు రాలిపోయాయి.
గదులు తుడిచే ఝునూ "భొలొ హెయిగొలా!" అని
చీపురు అక్కడే పడేసి అందర్నీ పిలిచింది.
ఇంక మందాపెయ్యమన్నారు పాణిగ్రాహి గారు.
నేనొక్కణ్ణే నవ్వలేదు.
రాలినవి చావలేదు.
అడుగున అతుక్కుని, డొప్ప కప్పుకుని
లోపల ఒకటి వందలవుతోంది.
ఏదో ఒక వేకువన పగిలి, ఆకలితో లేస్తాయి.
లేచేవేళకి నీళ్ళలో రాగి ఉండాలి.
లక్షణం మాయమైతే నాకు భయం.
మా చిన్నక్క కూడా ఒక నెల చాలా బాగుంది.

చేపకి ముప్ఫై రోజులు మందు.
ముందుగది తొట్టికి డెబ్బై ఆరు రోజులు ఉపవాసం,
పట్టుకోడానికి ఒళ్ళు దొరక్క పురుగులు నశించేదాకా.
జనం అడుగుతున్నారని
ఒరియాలో ఒకటి, తెలుగులో ఒకటి చీటీ అంటించాను:
"చేప సెలవులో ఉంది."
అయినా ఖాళీ నీళ్ళవంకే చూస్తుంటారు,
కవరు చేతికొచ్చేదాకా.

కొర్లయ్య ఇప్పుడు డబ్బాలు దించకముందే అడుగుతాడు,
"తిన్నాదా?"
గంపల లెక్కన చేపలమ్మినవాడు.
నిన్న జేబులోంచి ఆకులో చుట్టిన రొయ్య తీసి
గోటితో తుంచాడు, ఆవగింజంత.
చేప గొట్టంలోంచి బయటికొచ్చింది. నోట్లో పెట్టుకుంది.
ఉమ్మేసింది.
మళ్ళీ పెట్టుకుంది.
టబ్బు పక్కన గొంతుక్కూర్చుని
ఊపిరి మేమిద్దరం బిగబట్టాం.

ఇంకా పదకొండు రోజులు రాగి.